స్టెరిలిటీ టెస్ట్ మీడియా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజెక్షన్లు, కంటి చుక్కలు, సెలైన్ లాంటివి బయటికి వెళ్లే ముందు వాటిలో సూక్ష్మజీవులు ఉన్నాయేమో చూసే పరీక్షే స్టెరిలిటీ టెస్ట్. అయితే ఆ పరీక్షలో మనం కళ్లతో చూసేది మందును కాదు, మందు చేరిన మీడియాను, అంటే సూక్ష్మజీవులు పెరిగేందుకు పోషకాలు కలిపిన ద్రవాన్ని. 14 రోజులయ్యాక మీడియా తేటగా ఉంటే పాస్, కలకబారితే ఫెయిల్. చిక్కంతా ఆ తేటదనంతోనే. మందులో ఏమీ లేకపోతే మీడియా తేటగా ఉంటుంది. మందులో ఉన్నదాన్ని పెంచే సత్తువ మీడియాకు లేకపోయినా తేటగానే ఉంటుంది. రెండు సీసాలూ పక్కపక్కన పెడితే తేడా చెప్పలేం. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు చాలావరకు తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి. అందుకే వాటిని ఒకచోట రాసి పెడుతున్నాను.

ఒక్క మీడియా చాలదా? రెండు ఎందుకు?

చాలదు. అన్ని సూక్ష్మజీవులనూ పెంచే మీడియా అంటూ ఒకటి లేదు. అందుకే ఫార్మకోపియాలు, అంటే మందుల ప్రమాణాలు చెప్పే అధికారిక గ్రంథాలు, రెండింటిని జోడించాయి. ఒకటి ఫ్లూయిడ్ థయోగ్లైకోలేట్ మీడియం. ల్యాబ్‌లో ఎఫ్‌టీఎమ్ అంటాం. దీన్ని 30 నుంచి 35 డిగ్రీల దగ్గర ఉంచుతాం. గాలి లేకుండా బతికే బ్యాక్టీరియా కోసం ప్రధానంగా ఇది, గాలి కావలసినవి కూడా ఇందులో పెరుగుతాయి. రెండోది సోయాబీన్ కేసిన్ డైజెస్ట్ మీడియం, అంటే ఎస్‌సీడీఎమ్. దీన్ని 20 నుంచి 25 డిగ్రీల దగ్గర ఉంచుతాం. బూజులు, ఈస్టులు, గాలి కావలసిన బ్యాక్టీరియా దీని వాటా.

ఇంక్యుబేటర్‌లో జాగా లేదని రెండింటినీ ఒకే ఉష్ణోగ్రత దగ్గర పెట్టేస్తే రెండు మీడియాలు వాడినట్టు కాదు. ఎస్‌సీడీఎమ్‌ను తక్కువ వేడి దగ్గర ఉంచేది అక్కడ బాగా పెరిగే బూజుల కోసమే.

ఎఫ్‌టీఎమ్‌లో అంత ప్రత్యేకత ఏముంది?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. క్లాస్ట్రిడియం లాంటి బ్యాక్టీరియాకు ఆక్సిజన్ తగిలితే పెరుగుదల ఆగిపోతుంది. మామూలు ద్రవంలో ఎంతో కొంత ఆక్సిజన్ కరిగే ఉంటుంది. కాబట్టి ఒకప్పుడు వాటిని పెంచాలంటే గాలి తీసేసిన జాడీలు, ప్రత్యేకమైన ఏర్పాట్లు కావాల్సి వచ్చేవి. 1940లో బ్రూవర్ అనే శాస్త్రవేత్త మూత తీసిన గొట్టంలోనే వాటిని పెంచగలిగే తేట ద్రవ మీడియాను వివరించాడు. ఇప్పుడు మనం వాడుతున్నది ఆ దారిలో వచ్చిందే.

లీటరు ఎఫ్‌టీఎమ్‌లో ఏముంటాయో చూడండి. కేసిన్ డైజెస్ట్ (జీర్ణం చేసిన పాల ప్రోటీన్) 15 గ్రాములు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 5 గ్రాములు, సుమారు 5 గ్రాముల గ్లూకోజ్, ఉప్పు 2.5 గ్రాములు. ఇదంతా తిండి. అసలు పని చేసేవి అరగ్రాము చొప్పున ఉండే రెండు పదార్థాలు: సోడియం థయోగ్లైకోలేట్, ఎల్-సిస్టిన్. ఆక్సిజన్ ప్రభావాన్ని అణచిపెట్టి, సీసా అడుగు భాగంలో గాలి లేని చోటు తయారు చేసేది ఇవే. పాదరసం ఉన్న ప్రిజర్వేటివ్‌ల దెబ్బను కూడా థయోగ్లైకోలేట్ తగ్గిస్తుంది. వీటికి తోడు అగార్ 0.75 గ్రాములు. పెట్రీ ప్లేట్‌లో గట్టిపడే మీడియాకు లీటరుకు 15 గ్రాముల దాకా వేస్తాం. ఇక్కడ అందులో ఇరవయ్యో వంతే. ఆ కాస్త అగార్ ద్రవాన్ని కొంచెం బరువుగా చేస్తుంది, పైనున్న గాలి కిందికి కలవకుండా ఆపుతుంది. సీసా నెమ్మదిగా వంచి చూడండి, నీళ్లలా గబుక్కున కదలదు.

అలా ఒకే సీసాలో పైన గాలి ఉన్న పొర, కింద గాలి లేని పొర ఏర్పడతాయి. అందుకే ఎఫ్‌టీఎమ్ సీసాను గట్టిగా కుదపొద్దని పదేపదే చెబుతాం. కుదిపితే ఆ రెండు పొరలూ కలిసిపోతాయి.

ఎఫ్‌టీఎమ్ పైభాగం గులాబీ రంగులో ఉంది. పాడైందా?

భయపడక్కర్లేదు. అందులో రెసజురిన్ అనే సూచిక ఉంటుంది. ఆక్సిజన్ ఉన్నచోట గులాబీ రంగు చూపిస్తుంది, లేనిచోట రంగు పోతుంది. పైన సన్నటి గులాబీ పట్టీ ఉండటం సహజం.

వాడే ముందు ఆ రంగు పైనుంచి మూడో వంతు దాటి కిందికి దిగితే మాత్రం ఆ సీసాను అలాగే వాడకూడదు. నీళ్ల స్నానంలో గానీ ఆవిరిలో గానీ రంగు పోయేదాకా వేడి చేసి, శుభ్రం కాని గాలి లోపలికి పోకుండా త్వరగా చల్లార్చి వాడుకోవచ్చు. ఇది ఒక్కసారే. రెండోసారి గులాబీ తిరిగిన సీసాను పారేయాలి. మళ్లీ మళ్లీ వేడి చేస్తే మీడియాలో పెరుగుదలను అడ్డుకునే పదార్థాలు తయారవుతాయి. ఇంకో లెక్క కూడా ఉంది. ఇంక్యుబేషన్ ముగిసేసరికి రంగు సగానికి మించి దిగకూడదు. అందుకే సీసా ఆకారం కూడా ముఖ్యం. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న సీసాలో గాలి తొందరగా అడుగుకు చేరుతుంది.

ఎస్‌సీడీఎమ్, టీఎస్‌బీ రెండూ ఒకటేనా?

ఒకటే. ట్రిప్టిక్ సోయ్ బ్రాత్, అంటే టీఎస్‌బీ, అని పిలిచేది కూడా దీన్నే. లీటరుకు కేసిన్ డైజెస్ట్ 17 గ్రాములు, సోయాబీన్ డైజెస్ట్ 3 గ్రాములు, ఉప్పు 5 గ్రాములు, డైపొటాషియం ఫాస్ఫేట్ 2.5 గ్రాములు, గ్లూకోజ్ 2.5 గ్రాములు. స్టెరిలైజ్ అయ్యాక పీహెచ్ 7.3 ఉండాలి, 0.2 అటూ ఇటూ. ఎఫ్‌టీఎమ్‌కైతే 7.1, దానికీ అంతే తేడా. అసెప్టిక్ ఫిల్లింగ్ లైన్లను (సూక్ష్మజీవులు చేరకుండా మందు నింపే లైన్లను) మందుకు బదులు మీడియా నింపి పరీక్షించే మీడియా ఫిల్‌లో కూడా ఎక్కువగా వాడేది ఎస్‌సీడీఎమ్‌నే.

పొడి తెచ్చి మనమే చేసుకోవాలా, రెడీమేడ్ సీసాలు కొనాలా?

రెండూ చెల్లుతాయి. నా మాట అడిగితే, రోజూ పరీక్షలు జరిగే ల్యాబ్‌కు రెడీమేడ్ సీసాలే మేలు. సొంతంగా చేసే ప్రతి బ్యాచ్‌తో తూకం, నీళ్లు, పీహెచ్, ఆటోక్లేవ్ (ఒత్తిడితో ఆవిరి పట్టించి సూక్ష్మజీవులను చంపే యంత్రం) సైకిల్, సీసాలు కడగడం అన్నీ మన మెడకే చుట్టుకుంటాయి. సీసాలో డిటర్జెంట్ జాడ మిగిలినా పెరుగుదల తగ్గిపోవచ్చు, కంటికి మాత్రం ఏమీ కనబడదు.

పొడితోనే చేసేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఈ పొడులు గాలిలోని తేమను ఇట్టే లాగేసుకుంటాయి. డబ్బా మూత తీసిపెట్టి తీరిగ్గా తూకం వేయొద్దు. గడ్డకట్టిన పొడి, రంగు మారిన పొడి కనిపిస్తే స్పూనుతో చిదిమి వాడే ప్రయత్నం చేయకుండా పక్కన పెట్టేయండి.

భద్రంగా ఉంటుందని ఆటోక్లేవ్‌లో ఇంకో పది నిమిషాలు ఉంచితే?

వద్దు. 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు అనేది సాధారణంగా వాడే సైకిల్. ల్యాబ్ తన లోడ్‌కు సరిపోతుందని పరీక్షించి నిరూపించుకున్న సైకిల్ ఏదైతే దాన్నే పాటించాలి. ఎక్కువసేపు కాగితే మీడియాలోని చక్కెర, అమైనో ఆమ్లాలు ఒకదానితో ఒకటి కలిసి రంగు ముదురుతుంది, పీహెచ్ పడిపోతుంది, పోషకాలు తగ్గుతాయి. స్టెరైల్ అవుతుంది నిజమే, కానీ ఆకలితో ఉన్న జీవికి అందులో తిండి ఉండదు. పెద్ద సీసాల లోపలి ద్రవం వేడెక్కడానికి ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి చిన్న సీసాలనూ పెద్ద సీసాలనూ ఒకే లోడ్‌లో కలపడం కూడా మంచిది కాదు.

గ్రోత్ ప్రమోషన్ టెస్ట్ అంటే ఏమిటి? 100 కంటే తక్కువే ఎందుకు వేయాలి?

మీడియాకు సత్తువ ఉందని నిరూపించే పరీక్ష ఇది. తెలిసిన సూక్ష్మజీవులను లెక్కపెట్టి మీడియాలో వేస్తాం. ఎఫ్‌టీఎమ్‌లో క్లాస్ట్రిడియం స్పోరోజినిస్, సూడోమోనాస్ ఎరుగినోసా, స్టెఫైలోకాకస్ ఆరియస్. ఎస్‌సీడీఎమ్‌లో బాసిల్లస్ సబ్టిలిస్, కాండిడా ఆల్బికాన్స్, ఆస్పర్జిల్లస్ బ్రసిలియెన్సిస్. బ్యాక్టీరియా అయితే 3 రోజుల్లోపు, ఫంగస్ అయితే 5 రోజుల్లోపు స్పష్టంగా పెరిగి కనిపించాలి. కల్చర్‌ను కొత్త మీడియాలోకి మార్చి పెంచడాన్ని పాసేజ్ అంటాం; మూల కల్చర్ నుంచి 5 పాసేజ్‌లకు మించి తీసుకోకూడదు.

ఇక 100 సీఎఫ్‌యూ మాట. సీఎఫ్‌యూ అంటే ప్లేట్ మీద ఒక్కో మచ్చగా, అంటే కాలనీగా, పెరగగల జీవకణాల లెక్క. నిజంగా కలుషితమైన సీసాలో లక్షల బ్యాక్టీరియా ఉండవు. కొన్ని, అవీ వేడికో రసాయనానికో దెబ్బతిని కొన ఊపిరితో ఉన్నవి ఉండొచ్చు. లక్ష కణాలు పోస్తే నాసిరకం మీడియాలో కూడా కలక కనిపిస్తుంది. కొన్ని పదులు వేసినా పెరిగితేనే ఆ మీడియా మీద నమ్మకం పెట్టుకోవచ్చు. ఇనాక్యులమ్ (వేసే సూక్ష్మజీవుల మోతాదు) ఎక్కువ వేసి పాస్ చేయించిన టెస్ట్ మనల్ని మనం మోసం చేసుకోవడమే. అందుకే ప్రతిసారీ ప్లేట్ మీద వేసి, ఎన్ని కణాలు పడ్డాయో లెక్క రాసి పెట్టాలి.

సప్లయర్ సర్టిఫికెట్ ఇచ్చాడు కదా, మళ్లీ మనం చేయాలా?

ఫార్మకోపియా మాట సూటిగా ఉంది: రెడీమేడ్ మీడియా అయితే ప్రతి లాట్‌కు, పొడితోనో పదార్థాలతోనో చేసుకున్నదైతే ప్రతి బ్యాచ్‌కు పరీక్ష ఉండాలి. సర్టిఫికెట్ చెప్పేది ఫ్యాక్టరీ గేటు దాటేనాటి సంగతి. అక్కడి నుంచి మన షెల్ఫ్‌కు చేరేలోపు ఎండలో ఆగిన లారీ ఉండొచ్చు, గడ్డకట్టిన పెట్టె ఉండొచ్చు.

దీనితో పాటు మీడియా స్టెరిలిటీ కూడా చూడాలి. కొన్ని సీసాలను ఏమీ వేయకుండా 14 రోజులు ఉంచితే ఏదీ పెరగకూడదు.

మెథడ్ సూటబిలిటీ మళ్లీ వేరేనా?

వేరే. గ్రోత్ ప్రమోషన్ మీడియా గురించి చెబుతుంది. సూటబిలిటీ మందు సమక్షంలో ఆ మీడియా పనిచేస్తుందా అని చెబుతుంది. యాంటీబయాటిక్‌నే తీసుకోండి. అది పరీక్ష సీసాలోకి వెళితే అక్కడా తన పని తాను చేసుకుపోతుంది, ఉన్న బ్యాక్టీరియాను పెరగనివ్వదు. ఫలితం పాస్ అని వస్తుంది. ఇంత ప్రమాదకరమైన పాస్ మరొకటి ఉండదు.

అందుకే మందు ఉన్నప్పుడు కూడా 100 లోపు సీఎఫ్‌యూ వేసి, మందు లేని కంట్రోల్‌తో పోల్చి, 5 రోజుల్లోపు అలాగే పెరుగుతుందని చూపించాలి. పెరగకపోతే మార్గాలున్నాయి. మందును వడకట్టి పరీక్షిస్తుంటే ఫిల్టర్‌ను ఎక్కువసార్లు కడగొచ్చు, ఒక్కో ఫిల్టర్‌కు 100 మి.లీ. చొప్పున 5 సార్లకు మించకుండా. మందును తక్కువ పట్టుకునే మెంబ్రేన్‌కు, అంటే ఫిల్టర్ పొరకు, మారొచ్చు. పెన్సిలిన్ కుటుంబానికి బీటా-లాక్టమేజ్ ఎంజైమ్ కలపొచ్చు. మందు ఫార్ములా మారినా, పరీక్ష పద్ధతి మారినా సూటబిలిటీ మళ్లీ మొదటి నుంచి చేయాలి.

మెంబ్రేన్ ఫిల్ట్రేషన్ మంచిదా, నేరుగా వేయడం మంచిదా?

వడకట్టగలిగే మందు అయితే ఫిల్ట్రేషనే. 0.45 మైక్రాన్‌కు మించని రంధ్రాలున్న మెంబ్రేన్ మీద సూక్ష్మజీవులు ఆగిపోతాయి, మందు కిందికి పోతుంది. నేరుగా వేసేటప్పుడు మందు పరిమాణం మీడియాలో 10 శాతం దాటకూడదు.

సీసాను ఎలా చూడాలి? దేన్ని పెరుగుదల అంటాం?

ఇది చదివి నేర్చుకునేది కాదు, చేతిలో పట్టుకుని నేర్చుకోవాలి. మంచి వెలుతురులో ఒకసారి నల్లటి వెనుకతెర ముందు, ఒకసారి తెల్లటి తెర ముందు పట్టుకోండి. ముందు కదపకుండా అడుగు చూడండి. కాండిడా లాంటి ఈస్ట్ తెల్లటి పొడిలా అడుగున పేరుకుంటుంది, పైనంతా తేటగానే ఉంటుంది. తర్వాత సీసాను మెల్లగా తిప్పండి. అడుగు నుంచి పొగలా ఏదైనా లేస్తుందా? బాసిల్లస్ కొన్నిసార్లు ద్రవం మీద పలుచని పొరలా కడుతుంది. ఎఫ్‌టీఎమ్‌లో సూడోమోనాస్ గాలి తగిలే పైభాగాన మొదలవుతుంది, క్లాస్ట్రిడియం కింద మొదలవుతుంది. కలక ఎక్కడ మొదలైందో చూస్తే అతిథి ఎవరో సగం అర్థమవుతుంది.

బూజుతోనే అసలు తంటా. మొదట్లో అది చిన్న దూది పింజలా తేలుతుంది. గుడ్డ పీచు కూడా అచ్చం అలాగే ఉంటుంది. ఒకసారి తొమ్మిదో రోజున మా జూనియర్ ఒకమ్మాయి సీసా పట్టుకుని వచ్చింది, చేతులు వణుకుతున్నాయి. మధ్యలో ఒక తెల్లటి తునక. అందరికీ టెన్షన్. మూత ముట్టుకోకుండా దాని పరిమాణం, చోటు రాసుకుని, ఫొటో తీసి తిరిగి ఇంక్యుబేటర్‌లో పెట్టాం. రెండు రోజుల తర్వాత కూడా అదే పొడవు, కొనలు అంతే పదునుగా ఉన్నాయి. పీచు. కొన్ని నెలల తర్వాత ఇలాంటిదే ఇంకోటి వచ్చింది. పీచే అనుకున్నాం. మర్నాటికి చుట్టూ మెత్తటి నూగు వచ్చి అంచులు మసకబారాయి. అది బూజే.

పీచుకు అంచు ఉంటుంది, బూజుకు నూగు ఉంటుంది. అయినా మొదటి చూపులోనే తీర్పు ఇవ్వొద్దు. చివరి రోజున కూడా అనుమానం తీరకపోతే మైక్రోస్కోప్ కింద చూడాలి, సబ్‌కల్చర్ చేయాలి, అంటే కొత్త మీడియాలోకి మార్చి పెంచి చూడాలి.

మందు వేయగానే మీడియా మబ్బుగా మారింది. 14 రోజుల తర్వాత ఎలా చెప్పాలి?

సస్పెన్షన్లు, నూనె మందులతో ఇది మామూలే. 14 రోజులయ్యాక ఆ సీసా నుంచి కనీసం 1 మి.లీ. చొప్పున అదే రకం కొత్త మీడియాలోకి మార్చి, పాత సీసాను, కొత్త సీసాను రెండింటినీ కనీసం ఇంకో 4 రోజులు ఉంచాలి. కొత్తది తేటగా ఉంటే ఆ మబ్బు మందుదే.

పెరుగుదల కనిపించింది. ల్యాబ్‌లో తప్పు జరిగి ఉంటుందని మళ్లీ చేయొచ్చా?

"ఉంటుంది" అన్న మాట మీద చేయకూడదు. పరీక్ష చెల్లదని చెప్పడానికి ఫార్మకోపియా ఇచ్చిన దారులు నాలుగే. పరీక్ష జరిగిన చోటు పర్యావరణ పర్యవేక్షణలో లోపం కనిపించాలి. లేదా పరీక్ష జరిపిన తీరును సమీక్షిస్తే తప్పు బయటపడాలి. లేదా నెగటివ్ కంట్రోల్‌లో (మందు వేయకుండా పక్కన నడిపే సీసాలో) కూడా పెరుగుదల ఉండాలి. లేదా పెరిగిన జీవి ఏదో గుర్తించాక, అది పరీక్షలో వాడిన సామగ్రి నుంచో మన చేతి పని నుంచో వచ్చిందని అనుమానానికి తావు లేకుండా తేలాలి. వీటిలో ఏదీ లేకపోతే బ్యాచ్ ఫెయిల్.

చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ దొరికింది కాబట్టి అనలిస్ట్ చేతి నుంచే వచ్చిందనే వాదన తరచూ వింటాను. ఫిల్లింగ్ లైన్ మీద పనిచేసే మనుషులకూ చర్మం ఉంది కదా! ఆ జీవి ఎక్కడి నుంచి వచ్చిందో స్ట్రెయిన్ (ఒకే జాతిలోని ఉపరకం) స్థాయిలో సరిపోల్చి చూపించాలి. నెగటివ్ కంట్రోల్ సీసాలను లెక్కకోసం పెట్టామన్నట్టు ఓ మూల పడేయకుండా ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయమనేది ఇందుకే. ఆపద సమయంలో మన తరఫున నోరు విప్పే సాక్షి అదొక్కటే.

0.2 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకడితే మీడియా స్టెరైల్ అయినట్టే కదా?

దాదాపుగా. కానీ ఒక మినహాయింపు చాలామందికి పాఠం నేర్పింది. మీడియా ఫిల్‌లు వరుసగా ఫెయిలవుతున్న ఒక చోట మామూలు పద్ధతుల్లో ఏ జీవీ దొరకలేదు. చివరికి అది అకోలెప్లాస్మా లైడ్లావీ అని తేలింది. మైకోప్లాస్మా బంధువర్గం. దానికి కణ గోడ ఉండదు కాబట్టి వంగి, సాగి 0.2 మైక్రాన్ రంధ్రాల గుండా జారిపోతుంది. వచ్చింది ఎక్కడి నుంచో కాదు, స్టెరిలైజ్ చేయని టీఎస్‌బీ పొడి నుంచే. అమెరికా ఎఫ్‌డీఏ ఈ ఉదంతాన్ని తన ప్రశ్నోత్తరాల్లో వివరించింది. పరిష్కారం 0.1 మైక్రాన్ ఫిల్టర్ వాడటం, లేదా రేడియేషన్‌తో ముందే స్టెరైల్ చేసిన పొడి కొనడం. అసెప్టిక్ గదిలోకి మీడియా పొడి తీసుకెళ్లేవాళ్లు ఈ రెండో మార్గం పట్టడం మంచిది.

టెస్ట్ పాస్ అయితే బ్యాచ్ మొత్తం స్టెరైల్ అని చెప్పొచ్చా?

చెప్పలేం. 500 దాటిన ఇంజెక్షన్ల బ్యాచ్ నుంచి 2 శాతం లేదా 20, ఏది తక్కువైతే అన్ని తీస్తాం. బ్యాచ్‌లో నూటికి ఒక సీసా కలుషితమై ఉందనుకోండి. తీసిన 20లో అలాంటిది ఒక్కటి కూడా పడకుండా తప్పించుకునే అవకాశం సుమారు 82 శాతం. వెయ్యికి ఒకటైతే 98 శాతం. నూటికి పది చెడిపోయినా 12 శాతం సార్లు పాస్ అవుతుంది. అసలు భరోసా స్టెరిలైజేషన్ సైకిల్, ఫిల్లింగ్ గది, మనుషుల శిక్షణ నుంచి రావాలి. పరీక్ష దానికి చివరి కాపలా. కాపలాదారు కళ్లు కూడా సరిగా కనపడకపోతే ఇంకేం మిగులుతుంది? మీడియా గురించి ఇంత పట్టుబట్టేది అందుకే.

14 రోజులు మరీ ఎక్కువ కాదా?

క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ లాంటివి చాలా నిదానంగా పెరుగుతాయి. వారం దాటాక గానీ బయటపడని సందర్భాలుంటాయి. సెల్ థెరపీ లాంటి తక్కువ ఆయుష్షున్న ఉత్పత్తులకు అంత సమయం ఉండదు కాబట్టి ఏటీపీ (జీవకణాల్లోని శక్తి అణువు) వల్ల వచ్చే వెలుగును గానీ కార్బన్ డయాక్సైడ్‌ను గానీ కొలిచే త్వరిత పద్ధతులు వాడుతున్నారు. అవి కూడా ముందు జీవి మీడియాలో పెరగడం మీదే ఆధారపడతాయి.

తయారుచేసిన మీడియా ఎంతకాలం వాడొచ్చు?

గట్టిగా మూసిన సీసాల్లో అయితే యూఎస్‌పీ (అమెరికా ఫార్మకోపియా) ప్రకారం ఒక ఏడాది, అదీ వాడే సమయానికి 3 నెలల లోపు గ్రోత్ ప్రమోషన్ చేసి ఉంటేనే. గట్టి మూత లేకపోతే ఒక నెల, 2 వారాల లోపు పరీక్షతో. ఎఫ్‌టీఎమ్‌కు రంగు నియమం కూడా వర్తిస్తుంది. వెలుతురు తగలని చోట, 2 నుంచి 25 డిగ్రీల మధ్య పెట్టండి.

పద్నాలుగో రోజు సెలవు పడింది. ముందు రోజే చూసి ముగించొచ్చా?

కుదరదు. నియమం "కనీసం 14 రోజులు". సెలవు తర్వాతి రోజు, అంటే 15వ రోజున చూసి ముగిస్తే తప్పు లేదు. 13వ రోజున చూసి ముగిస్తే పరీక్షే పూర్తికాలేదు. వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టి, వేసిన సమయం కూడా రిజిస్టర్‌లో రాయండి. సీసాలు పెట్టే ముందే క్యాలెండర్ చూసుకుని మొదలుపెడితే ఈ ప్రశ్న రాదు. చదవడం అయిపోయిన సీసాలను, తేటగా ఉన్నవాటితో సహా, ఆటోక్లేవ్ చేశాకే పారబోయండి.